నెలవంక చుక్క

రైతుబజారులో వంకాయలు ఏరుతున్న హైమవతికి చెవి పక్కనే ‘టింగ్’ మని వినిపించింది. వెనకాల నిలబడ్డ పెద్దమనిషి చొక్కా జేబులోంచి ఫోను తీసి చూసుకున్నాడు. తరవాత ఆమె చంకలో ఉన్న పిల్లని చూశాడు. మళ్ళీ ఫోను చూసుకున్నాడు. బిస్కెట్ పాకెట్ మీద గడువు తేదీ వెతికేవాడిలా వంగి, పిల్ల బుగ్గ దగ్గరికి మొహం తెచ్చి పరీక్షగా చూశాడు.

“ఇందుజా,” అన్నాడు.

పిల్ల బోసి నోటితో నవ్వింది. పేరు పెట్టి పిలిస్తే నవ్వడం ఈమధ్యనే నేర్చింది.

“మా పాప పేరు మీకెలా తెలుసండీ?” అంది హైమవతి.

“ఫోన్లో పడిందమ్మా. పేరు, పుట్టినరోజు, మీరుండే పేట, అన్నీ ఉన్నాయి. కింద బొద్దింకల మందు కూడా అమ్ముతున్నారు.” ఆయన మర్యాదగానే నవ్వాడు. “ఒకటి కొంటే ఒకటి ఫ్రీ అంట.”

ఆయన చెడ్డవాడేం కాదు. చంటిపిల్ల తల్లి కదా అని తూకం దగ్గర ఆమెని ముందుకు పంపించాడు కూడా. అయినా హైమవతికి ముద్దు పెట్టుకోవలసిన చోట ఎవడో ఉమ్మేసి పోయినట్టనిపించి, కొంగుతో పిల్ల బుగ్గ గట్టిగా తుడిచింది. తుడవడానికి అక్కడ ఏమీ లేదు. ఆమెని భయపెట్టింది అదే. ఆ టింగుల గోల పడలేక పిల్లకి దిష్టి చుక్క పెట్టడం మానేసి చాలా రోజులైంది. భరిణెని తీసి డార్క్‌రూములో పై అరలో పడేసింది. బుగ్గ మీద ఇప్పుడు నలకంత నలుపు కూడా లేదు. మరి ఫోను దేన్ని చూసి మోగినట్టు?

ఆ చుక్క కథ ఏలూరు పవర్‌పేటలోని నెలవంక స్టూడియోలో మొదలైంది. స్టూడియో హైమవతి మామగారు పెట్టింది. ఆయన పోయాక భర్త ఫణీంద్ర నడుపుతున్నాడు. పసిపిల్లల ఫొటోలకి ఆ స్టూడియో పెట్టింది పేరు. ఊళ్లో ఏ పిల్ల బోర్లా పడినా ఫణీంద్ర కెమెరా పట్టుకెళ్లి, తానూ ఎదురుగా బోర్లా పడి ఫొటో తీసేవాడు.

అయితే అందరి చేతిలోనూ కెమెరా ఉన్నాక ఫొటోగ్రాఫరు గుమ్మం ఎక్కేదెవరు? ఫణీంద్ర క్యూఆర్ కోడ్‌ల మీద పడ్డాడు. ఆ గళ్ల బొమ్మని ఫోను చూస్తే చాలు, స్టూడియో పేజీ తెరుచుకుని, ఫొటోలు చూపించి, ఏ రోజు వస్తారని అడుగుతుంది. దాన్ని గోడల మీద అంటించాడు. ఆటోల వెనక అంటించాడు. కల్యాణ మండపాల్లో పంచే విసనకర్రల మీద, మిఠాయి డబ్బాల మూతల మీద, చివరికి ఇడ్లీ పొట్లం కట్టే కాగితాల మీద కూడా వేయించాడు. చట్నీ అంటుకున్న కోడ్‌ని ఎవడు చూస్తాడు? ఈలోగా జేబులోంచే కన్ను తెరిచి లోకాన్ని చూసే కొత్త ఫోన్లు వచ్చాయి. కొట్టు దగ్గర బయటికి తీసే పని లేకుండా డబ్బు కట్టడానికి వచ్చిన సౌకర్యం అది. ఎదర ఏ కోడ్ కనబడినా అవే చదువుకుని టింగుమనేవి. ఊరంతా కోడ్‌లే అయ్యేసరికి జనం విసిగిపోయి, గోడల మీదవీ కాగితాల మీదవీ చదవొద్దని ఫోన్లకి చెప్పేసుకున్నారు. మనుషుల మీద ఉన్నవి చదవొద్దని మాత్రం ఎవరూ చెప్పలేదు. మనుషుల మీద కోడ్ ఉంటుందని ఎవరికి తోస్తుంది?

పెళ్లికి ముందు హైమవతి అచ్చు సిరాల ఫ్యాక్టరీలో రసాయన శాస్త్రవేత్త. స్టూడియో వెనక మామగారి కాలపు డార్క్‌రూము ఖాళీగా పడి ఉంటే దాన్ని ప్రయోగశాల చేసుకుంది. ఫొటోలకి నకళ్లు తీస్తే పట్టించే సిరా ఒకటి చేద్దామని మొదలుపెట్టి వేరే దాని దగ్గర తేలింది. ఆమె చేసిన నల్లటి పొడిలో ప్రతి రేణువుకీ తన పక్కన ఏ రేణువు ఉండాలో తెలుసు. తడి తగిలితే చాలు, అవి కదిలి, సర్దుకుని, నేర్పిన ముగ్గు వేస్తాయి. చెరిపితే మళ్ళీ అదే ముగ్గు వేస్తాయి. కంటికి అదొక నల్లచుక్క, ఫోనుకి కోడ్. కమలాపండు తొక్క మీద పెట్టి చూసింది. కోడిగుడ్డు మీద పెట్టి చూసింది. తన అరచేతిని శుభ్రంగా కడుక్కుని, తుడుచుకుని, అక్కడా పెట్టి చూసింది. ఫోను టింగుమంది. సబ్బుతో కడిగితే ఆనవాలు లేకుండా పోయింది.

సంతోషం పట్టలేక భర్తని పిలిచి చూపించింది. ఫణీంద్ర ఆమె అరచేతిని చూశాడు. తరవాత గుమ్మంలో వాళ్లమ్మ రత్నమాంబ ఒళ్లో ఉన్న పిల్లని చూశాడు. అప్పుడే నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ పట్టి, బుగ్గన దిష్టి చుక్క పెట్టిందావిడ.

“జనం చూసే చోటు కోసం ఇన్నాళ్లూ గోడల వెంట తిరిగాను హైమా,” అన్నాడు. “పసిపిల్ల ఎదురైతే చూడకుండా పోయేవాడు ఊళ్లో ఒక్కడున్నాడా?”

హైమవతి నవ్వింది. ఛీ, ఏం మాటలండీ అవి, అనలేదు. నవ్వింది. ఇప్పుడు తలుచుకుంటే, ఆ నవ్వు తన నోట్లోంచే వచ్చిందా అని ఆమెకి రోత పుడుతుంది.

స్టూడియోలో ఫొటో తీయించుకున్న ప్రతి పిల్లకీ చిన్న వెండి రంగు భరిణె కానుకగా ఇచ్చారు. అందులో ఉన్నది నెలవంక చుక్క. ఒక్కో భరిణె ఒక్కో పిల్ల పేజీ తెరుస్తుంది. పిల్ల ముద్దు ఫొటోలు, పేరు, పుట్టినరోజు, ఉండే పేట, కింద స్టూడియో ప్రకటన, పక్కన ఎంతమంది చూశారో ఒక అంకె. ఆ అంకె ఊరిని పాడుచేసింది. పిల్లని బయట తిప్పుకొచ్చిన తల్లులు పిల్ల మొహం కన్నా ముందు ఫోను చూసుకునేవారు. మీ వాడికన్నా మా వాడికే ఎక్కువ దిష్టి తగిలిందని పెళ్లిళ్లలో గొప్పలు పోయేవారు. అంకె తక్కువ పడ్డ రోజు పిల్లకి చొక్కా మార్చి మళ్ళీ బజారుకి తీసుకెళ్లిన మహాతల్లులున్నారు. అమ్మమ్మలు గుప్పిట్లో ఉప్పు పట్టుకుని, అంకె ఎంతో కనుక్కుని, దాన్నిబట్టి దిష్టి తీసేవారు. నలుగురి చూపూ పడకూడదని పెట్టే చుక్కతో నలుగురి చూపునీ పిలిపించి లెక్కపెట్టుకుంటున్నారు, అందులో వెగటు ఏమిటో ఒక్కరికీ తోచలేదు. హైమవతికీ తోచలేదు. ఇందుజ అంకె బాగా పెరిగిన రోజున ఆమె కూడా మురిసిపోయింది.

బజారు నుంచి హైమవతి నేరుగా డార్క్‌రూముకి వెళ్లింది. ఇంట్లో ఫోన్లకి స్టూడియో కోడ్‌లు తెలుసు కనుక అవి మోగవు. అందుకే ఇన్నాళ్లూ ఆమెకి తెలియలేదు. పరీక్షలకి వాడే వేరే ఫోను తీసి పిల్ల బుగ్గ ముందు పెట్టింది. టింగుమంది. సబ్బుతో కడిగి చూసింది. మళ్ళీ టింగుమంది. సున్నిపిండితో రుద్దింది. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది, బుగ్గ కందిపోయింది. ఆ కందిన బుగ్గ మీద కూడా అదే టింగు, అదే బొద్దింకల మందు.

మర్నాడు పొద్దున పెరట్లో రత్నమాంబ పీట మీద కూర్చుని కాళ్లు చాపి, మనవరాలిని కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టుకుంది. నీళ్లు పోయడంలో ఆవిడది అందె వేసిన చెయ్యి. కొడుకుని కూడా ఇప్పటికీ వదిలిపెట్టలేదు. ఆదివారం వస్తే అంత మనిషీ ఇదే పీట మీద కళ్లు మూసుకుని కూర్చోవాలి. మాడున నూనె పెట్టి, తలంటు పోసి, దవడ మీద చిన్న చుక్క పెడితే గాని లేవనివ్వదు.

గోరువెచ్చటి నువ్వులనూనె పిల్ల ఒంటికి పట్టించింది. వీపు మర్దించింది, బుగ్గలు ఒత్తింది, ముక్కు సాగదీసింది, వేడినీళ్లు పోసింది. ఎంత పోసినా నూనె జిడ్డు పూర్తిగా పోదు. పోకూడదనే ఆవిడ పట్టుదల. సాంబ్రాణి పట్టాక, వెచ్చగా మెరుస్తున్న బుగ్గ మీద అలవాటు కొద్దీ వేలు పెట్టబోయి, భరిణె లేదని గుర్తొచ్చి ఆగింది.

హైమవతి చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఉండిపోయింది. కమలా తొక్కని తుడిచి పరీక్ష చేసింది. కోడిగుడ్డుని తుడిచి పరీక్ష చేసింది. తన అరచేతిని సబ్బుతో కడుక్కుని మరీ చేసింది. ఈ ఊళ్లో ఏ తల్లీ పొడి ఒంటి మీద దిష్టి చుక్క పెట్టదు. నూనె రాసి, వేడినీళ్లు పోసి, ఒళ్లు వెచ్చగా ఉన్నప్పుడు, రోజూ అదే చోట పెడుతుంది. హైమవతిని పెంచిందీ అలాగే. ఇందుజని పెంచుతున్నదీ అలాగే, రోజూ ఆమె కళ్లెదుటే. ప్రయోగశాలలో నూనె అంటే మురికి. కనబడగానే తుడిచెయ్యడం ఫ్యాక్టరీలో నేర్చుకున్న మొదటి పాఠం. తుడిచేసింది.

ఆ రోజు నుంచి ఇందుజ భరిణె కిందికి దించి, తన రెండు చేతులకీ నూనె రాసి, వేడినీళ్లు పోసుకుని, మణికట్టు పైన చుక్క పెట్టుకోవడం మొదలుపెట్టింది. కొన్నాళ్లయ్యాక కడిగితే నలుపు పోయింది గానీ టింగు పోలేదు. ఆ చోట రవ్వంత చర్మం గీసి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. నూనెతో పాటు రేణువులు లోపలికి దిగి, అక్కడ మళ్ళీ తమ ముగ్గు వేసుకుని కూర్చున్నాయి. పై చర్మం రాలినా కింద మళ్ళీ సర్దుకుంటాయి. పిల్ల పెరిగితే ముగ్గు కూడా పెరుగుతుంది. చెరిపితే మళ్ళీ వేస్తాయని ఎంత గర్వపడిందో, ఆ గుణమే ఇది.

ఆమె వెళ్లేసరికి ఫణీంద్ర స్టూడియోలో ఎవరి పిల్లాడి కోసమో దూదితో మబ్బులు చేస్తున్నాడు. హైమవతి జరిగిందంతా చెప్పింది.

“చుక్క పోకపోతే పోనీ, పేజీలు మూసేయండి,” అంది. “తెరవడానికి ఏమీ లేకపోతే ఏ ఫోనూ మోగదు.”

ఫణీంద్ర మబ్బుని పక్కన పెట్టాడు. “పేజీలు ఇప్పుడు మన చేతిలో లేవు హైమా.”

“అంటే?”

“హైదరాబాద్ నుంచి ఒక కంపెనీ వాళ్లొచ్చి అన్నీ కలిపి తీసేసుకున్నారు. బొద్దింకల మందు వాళ్లు వేసుకున్నదే. పైన మన స్టూడియో పేరు ఉంచుతామన్నారు, ఉంచారు కూడా.”

“పిల్లల పేర్లూ పుట్టినరోజులూ కూడా అమ్మేశారా?”

“పేజీలో ఉన్నవేగా. తల్లిదండ్రులు వాళ్లంతట వాళ్లే ఇచ్చారు, నేనేం దొంగతనం చెయ్యలేదు.” అతను దూది చేతుల్ని ప్యాంటుకి తుడుచుకున్నాడు. “ఇంతకీ పిల్లకి నొప్పేమైనా ఉందా? జ్వరం వచ్చిందా? కంటికి కనబడని దానికి ఇంత రాద్ధాంతం ఏమిటి?”

“రేపు అది కాలేజీకి వెళ్తుంది. ఎదురొచ్చిన ప్రతివాడి జేబులోనూ దాని పేరు మోగుతుంది. ఏ పేటలో ఉంటుందో కూడా చెబుతుంది. మీకది రాద్ధాంతంగా ఉందా?”

“అప్పటికి ఫోన్లే మారిపోతాయిలే,” అని ఫణీంద్ర మళ్ళీ దూది పీకడం మొదలుపెట్టాడు. ఆ తెల్లటి దూది, ఆ మబ్బులు, వాటి మధ్య కూర్చోబెట్టి నవ్వించబోయే పిల్లాడు, అన్నీ కలిసి ఆ గది హైమవతికి కంపు కొట్టింది. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి మీద కోపం రావాలి. కోపం కన్నా ముందు అసహ్యం వచ్చింది, అది రాగానే కోపానికి చోటు లేకపోయింది.

ఆ ఆదివారం కల్యాణ మండపంలో స్టూడియో వాళ్ల చిట్టి బుగ్గల పండగ. అంకె ఎక్కువ ఉన్న పిల్లకి చెక్క ఉయ్యాల బహుమానం. హాలు నిండా ముస్తాబు చేసిన పిల్లలు, వాళ్లని దేవుడి పల్లకీలా ఎత్తి పట్టుకున్న తల్లులు, ఒకటే టింగు టింగుమంటున్న జేబులు. హైమవతి వేదిక ఎక్కి భర్త చేతిలోంచి మైకు లాక్కుంది. ఆ చుక్క చేసింది తానేనని చెప్పింది. నూనె సంగతి చెప్పింది. అది జన్మలో పోదని, పేజీలు అమ్ముడుపోయాయని, ఈ పిల్లలు బతికినంతకాలం ఎవడో ఒకడు వాళ్ల బుగ్గల మీద ఏదో ఒకటి అమ్ముకుంటాడని చెప్పింది.

ముందు వరసలో ఒక కుర్ర తండ్రి లేచొచ్చి ఫణీంద్ర కాలరు పట్టుకున్నాడు. హైమవతికి ప్రాణం లేచొచ్చింది. ఈ ఊళ్లో సిగ్గున్నవాడు ఒకడైనా ఉన్నాడనుకుంది.

అప్పుడు శ్రీలేఖ అనే ఆవిడ చెయ్యెత్తింది. బ్యాంకులో పనిచేస్తుంది, పోటీలో వాళ్ల అబ్బాయే ముందున్నాడు. “మేడమ్, ఒక్క డౌటండీ. అది పోదంటున్నారు కదా. మరి కంపెనీ వాళ్లు ప్రకటనలు వేసుకుంటున్నప్పుడు అద్దె ఎవరికి రావాలి? బుగ్గ మా వాడిదే కదా.”

కాలరు పట్టుకున్న చెయ్యి వదులైంది. “అవునండీ, అది తేల్చండి,” అన్నాడా కుర్రాడు. చూస్తుండగానే అందరూ ఫణీంద్ర చుట్టూ మూగారు. అద్దె నెలనెలా ఇస్తారా అని ఒకరు, రెండో బుగ్గకి కూడా పెట్టించుకోవచ్చా అని ఒకరు. కవలల తల్లి జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. ఒక పెద్దావిడయితే హైమవతి చెయ్యి పట్టుకుని, “మేం నూనె తక్కువ పెట్టామమ్మా, లోపలికి దిగిందో లేదో కాస్త చూసి పెడతావా,” అని బతిమాలింది. దిగకపోతే మనవడి బతుకు అన్యాయమైపోయేటట్టుంది ఆవిడ గొంతు. చంకల్లో పిల్లలు మాత్రం ఎవరి జుట్టు వాళ్లు పీక్కుంటూ, ఎవరి వేలు వాళ్లు చీక్కుంటూ ఉన్నారు. హైమవతి మైకు కింద పడేసి, మండపం వెనక కుళాయి దగ్గరికి పరుగెత్తి భళ్లున వాంతి చేసుకుంది.

రత్నమాంబ వెనకాలే వచ్చి కోడలి నుదురు పట్టుకుంది.

“వాళ్ల పిల్లల సంగతి వాళ్లు చూసుకుంటారు. మన పిల్లది తీసెయ్యమ్మా,” అంది. “రోజూ నూనె పట్టించిన చేతులు నావి. నాకు అన్నం సయించడం లేదు.”

తీసెయ్యడం కుదరలేదు. హైమవతి ఎన్ని మందులు కలిపి చూసినా, రేణువులు పోవాలంటే వాటితో పాటు చర్మమూ పోవాలి. చివరికి ఒక్క దారి కనిపించింది. ముగ్గుని చెరపలేకపోతే దాని మీద ఇంకేదైనా పోసి గజిబిజి చెయ్యవచ్చు. పక్కన ఎవరుండాలో తెలియని రేణువులతో కొత్త పొడి చేసింది. అదే నూనె, అదే వేడినీళ్లు, అదే చోటు. ముందు తన ఎడమ చేతికి పట్టించుకుంది. పోల్చుకోవడానికి కుడి చేతిని అలాగే ఉంచింది. ఎడమ చేతి ముందు ఫోను నోరు మూసుకునే నాటికి చాలా పొడి పట్టింది. ఆ చోట నేరేడుపండు నలిపినట్టు నల్లటి మరక మిగిలింది. అది కూడా పోదు.

ఆ చేతిని అత్తగారికి చూపించింది. రత్నమాంబ మరకని బొటనవేలితో రుద్ది చూసింది.

“ఆడపిల్ల బుగ్గ,” అంది.

పిల్ల పెద్దయ్యాక ఎందుకిలా చేశావమ్మా అని అడిగితే చెప్పవలసింది హైమవతే. ముసలావిడ లేచి, పొయ్యి మీద నూనె వెచ్చబెట్టింది.

రోజూ పొద్దున్నే అదే పీట మీద ఆ పని జరిగింది. నూనె అత్తగారు రాసేది, పొడి కోడలు పెట్టేది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు కారు. పిల్లకి అదంతా ఆటగా ఉండి, నల్లటి వేలు పట్టుకుని నోట్లో పెట్టుకోబోయేది. ఒకనాడు ఫోను మోగడం మానేసింది. ఎన్నిసార్లు పెట్టినా మోగలేదు. ఇందుజ ఎడమ బుగ్గ మీద రూపాయి బిళ్లంత మరక స్థిరపడింది.

“ఇంక దీనికి వేరే దిష్టి చుక్క అక్కర్లేదు,” అని రత్నమాంబ కళ్లొత్తుకుంది.

కావాలన్నవాళ్లకి ఆ కొత్త పొడి ఉచితంగా పెడతానని హైమవతి ఊళ్లో చెప్పించింది. ఏ కొద్దిమందో వచ్చారు. మిగతావాళ్లు ఇందుజని చూసి, మా పిల్లకి ఆ ఖర్మేమిటండీ అన్నారు. అద్దె సంగతి కంపెనీతో మాట్లాడుతున్నానని ఫణీంద్ర వాళ్లని ఊరిస్తూనే ఉన్నాడు.

మరక చూసిన రోజు ఫణీంద్ర భార్యతో మాట్లాడలేదు. కొన్నాళ్లకి మెత్తబడ్డట్టే కనిపించాడు. ఒక పొద్దున కెమెరా పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

“దీంతో ఒక్క ఫొటో కూడా తియ్యలేదు హైమా. పెద్దయ్యాక చూసుకుంటుంది. ఉన్నది ఉన్నట్టే తీస్తాను, ఏమీ దిద్దను,” అన్నాడు.

హైమవతికి ఆ మాట మనసుకి తగిలింది. మరకని దాచకుండా కూతుర్ని చూడగలిగే తండ్రి అయ్యాడనుకుంది. పిల్లని కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. తల కుదురుగా పెట్టకపోతే గడ్డం కింద చెయ్యి పెట్టి, మరక ఉన్న బుగ్గని తనే వెలుతురు వైపు తిప్పింది. ఫణీంద్ర ఓపిగ్గా, శ్రద్ధగా, మునుపటి ఫణీంద్రలా తీశాడు. ఆ రోజు ఆమె అతనికి ఇష్టమని గుత్తివంకాయ కూర కూడా చేసింది.

అత్తాకోడళ్లిద్దరూ పిల్లని తీసుకుని మళ్ళీ రైతుబజారుకి వెళ్లింది ఆ తరవాతే. జనం ఇందుజని తమ కళ్లతో చూశారు. “అయ్యో, ఆ మచ్చేంటమ్మా,” అన్నవాళ్లున్నారు. మొహం తిప్పుకున్నవాళ్లున్నారు. ఒక్క జేబు కూడా మోగలేదు. ఎవరూ పిల్లని పేరు పెట్టి పిలవలేదు. హైమవతికి ఎన్నాళ్లకో ఊపిరి ఆడింది. వంకాయలు ఏరడానికి కుడి చెయ్యి చాచింది. గాజులు వెనక్కి జారాయి.

టింగ్.

తన చేతి సంగతి ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది. పోల్చుకోవడానికి ఉంచుకున్న చెయ్యి, ఇందుజ భరిణెలోని చుక్క. కూరలమ్మే నూకరత్నం బొడ్డు సంచిలోంచి ఫోను తీసి చూసింది.

“ఏదో మచ్చలు పోయే క్రీమంటమ్మా. చంటిపిల్లలకేనంట,” అని ఫోను ఇటు తిప్పింది. మంచి మనసుతోనే తిప్పింది. “మీ పాపకి పనికొస్తాదేమో చూడండి.”

అందులో రెండు ఫొటోలు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి అన్నప్రాసన నాటిది, నున్నటి బుగ్గలతో నవ్వుతున్న పిల్ల. రెండోది నల్లటి మరకతో అదే పిల్ల, కిటికీ వెలుతురులో. గడ్డం కింద ఒక ఆడమనిషి చెయ్యి ఉంది. మరకున్న దాని కింద ‘వాడకముందు’ అనీ, నున్నటి దాని కింద ‘వాడిన తరవాత’ అనీ రాశారు. మూల నెలవంక స్టూడియో ముద్ర వేసి ఉంది.

“అచ్చం మీ పాపలాగే ఉందండి,” అంది నూకరత్నం.

హైమవతి ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది. అది ఆమె చెయ్యి. ఇన్నాళ్లూ అసహ్యం వేసినప్పుడల్లా కారణం బయట ఎక్కడో ఉండేది, ఒకడి జేబులోనో, ఒకావిడ నోట్లోనో. ఇప్పుడు ఆ చెయ్యి తెగ్గోసుకోవాలన్నంత రోత పుట్టింది. ఎంత ప్రేమగా పట్టుకుందో ఆ గడ్డాన్ని.

రత్నమాంబ ఫోను అందుకుని, కళ్లజోడు లేక దూరంగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

“మన వాడు తీసిందేనా?” అంది.

“అవునత్తయ్యా.”

“నిన్ను పట్టుకోమని తీశాడా?”

“అవును.”

ముసలావిడ ఫోను నూకరత్నానికి ఇచ్చేసింది. కొడుకు మీద ఈగ వాలితే ఓర్చుకోని మనిషి. ఎవరైనా ఒక మాటంటే ఇంటికెళ్లి దెబ్బలాడే మనిషి. పక్కకి తిరిగి, మురిక్కాలవలో కాండ్రించి ఉమ్మింది. కొంగుతో నోరు తుడుచుకుని, కోడలి చంకలోంచి పిల్లని తీసుకుని, ఇంటిదారి పట్టింది.

ఇంటి గుమ్మంలో ఫణీంద్ర చేతులు చాచి, “రా తల్లీ, నాన్న దగ్గరికి రా,” అన్నాడు. రత్నమాంబ పిల్లని ఇవ్వలేదు. కొడుకు మొహాన్ని, నున్నగా గీసుకున్న దవడని, పసిపిల్ల బుగ్గని పరీక్షగా చూసినట్టు చూసింది.

“రేపు ఆదివారం. పెందరాళే లేచి పీట మీద కూర్చో, తలంటు పోస్తాను,” అంది.

“అలాగేనమ్మా,” అని అతను స్టూడియోలోకి వెళ్లిపోయాడు.

వంటింట్లోకి వచ్చాక ఆవిడ నూనె సీసా దించి, వెలుతురుకి పెట్టి ఎంతుందో చూసుకుంది.

“హైమా, పిల్ల భరిణె ఎక్కడ పెట్టావు?”

హైమవతికి తెలుసు, ఆ చుక్క ఏ మనిషి ఒంటి మీదా ఉండకూడదు. ఎవరి ఒంటి మీదా పెట్టనని తనకి తనే ఒట్టు పెట్టుకుంది. ఇందుజ నేల మీద పాకుతూ వచ్చి ఆమె చీర కుచ్చెళ్లు పట్టుకుని లేచి నిలబడింది, మరక ఉన్న బుగ్గని ఆమె మోకాలికి ఆనించింది.

“డార్క్‌రూములో ఉందత్తయ్యా,” అంది. “పై అరలో.”